దఫ్తరం మళ్లీ ఇంకొకరి ఇంట్లోనేనా?

"మనోళ్లకు గవన్నీ ఎందుకు సార్? సెంటరోళ్లు చూస్కుంటరు."

ఈ మాట గద్వాల బస్టాండు దగ్గర విన్నాను. వనపర్తిలో రిటైరైన ఒక మాస్టారి నోట విన్నాను. నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదువుతున్న పిల్లవాడు తన తల్లిదండ్రుల గురించి ఇదే మాట అన్నాడు. సొంత కాగితాలను క్లౌడ్‌లో దాచుకోవడం, కావలసినప్పుడు తెరిచి చూసుకోవడం, అక్కర్లేనివి తీసేయడం పల్లె జనానికి అవసరం లేదని, వాళ్లకు అలవి కాదని వీళ్ల అభిప్రాయం. ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. చాలామంది నలుగురికీ సాయపడేవాళ్లే. అయినా ఈ మాట తప్పు. నమ్మినవాళ్లకు నష్టం చేసే తప్పు. అందుకే ఖండిస్తున్నాను.

ముందు వాళ్ల వాదనను ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. నెట్ సెంటర్లో ఇరవయ్యో ముప్ఫయ్యో ఇస్తే పని అయిపోతుంది, మనం నేర్చుకోవడం దేనికి? అసలు కాగితాలు బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఫోన్లో ఫోటోలూ ఉన్నాయి. ఒకసారి గూగుల్లోకి ఎక్కినవి ఎక్కడికీ పోవు. వీటన్నిటికీ మించి, అవన్నీ మనవాళ్లకు రావు.

మొదటి మాటతో మొదలుపెడతాను. సెంటరువాళ్లు చూసుకుంటారట.

మన పెద్దలకు ఇది కొత్త ఏర్పాటు కాదు. ఊరి భూమి లెక్కలన్నీ గుడ్డలో కట్టిన దఫ్తరంగా పట్వారీ ఇంట్లో ఉండేవి. పహాణీలో తన సర్వే నంబరు ఎదురుగా కాస్తు కాలమ్‌లో ఎవరి పేరు రాసి ఉందో తెలియాలంటే రైతు ఆ గడప తొక్కాలి. పట్వారీ విప్పి చదివితేనే తెలిసేది, ఆయన చదివిందే నిజమయ్యేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసింది. 2020లో వీఆర్వోల వ్యవస్థ పోయింది, ఆ ఏడాది అక్టోబరులో భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ధరణి మంచిచెడ్డల మీద జరగవలసిన చర్చ వేరు. ఒక్క సంగతి మాత్రం స్పష్టం: తన ఖాతా వివరాలు తానే తెరిచి చూసుకునే వీలు రైతు చేతిలోని ఫోన్లోకి వచ్చింది. దారి ఇంతదూరం వచ్చాక ఆ ఫోనును మళ్లీ ఇంకొకరి చేతిలో పెట్టి "ఏముందో చూడు నాయనా" అంటున్నాం. దఫ్తరం ఇల్లు మారింది, అంతే.

ఈమధ్య మా చెల్లెలి కొడుకు ఆదాయం సర్టిఫికెట్ కోసం ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాం. పోయిన ఏడు అక్కడే తీసుకున్నాం, ఆ కాపీ దొరుకుతుందేమో వెతకమన్నాం. కుర్రవాడు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి కిందికి లాగుతూ పోయాడు. తెరమీద ఎవరెవరివో ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుబుక్కుల మొదటి పేజీలు, ఒక ఆడపిల్ల పాస్‌పోర్టు సైజు ఫోటో, ఎవరిదో వైకల్యం చూపే సదరం సర్టిఫికెట్. ఫైళ్ల పేర్లన్నీ స్కాన్ ఒకటి, స్కాన్ రెండు, స్కాన్ మూడు. మా వెనక వరుసలో నిలబడ్డవాళ్లు అవన్నీ చూస్తూనే ఉన్నారు. మా కాగితం దొరకలేదు. కొత్త దరఖాస్తులో ఈమెయిల్ అడిగినచోట ఆ అబ్బాయి మమ్మల్ని అడక్కుండానే తన జీమెయిల్ కొట్టాడు. అతని మనసులో దురుద్దేశం ఏమీ లేదు. జనం ఎక్కువ, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, పని తెమలాలి. కానీ ఫలితం చూడండి. రేపు ఏదైనా జవాబు వస్తే అతనికి వస్తుంది. ఆ మెయిల్‌తో తెరిచిన ఖాతాలో పాస్‌వర్డ్ మార్చాల్సి వస్తే ఆ లింకు అతనికే పోతుంది. అతను సెంటర్ మూసి హైదరాబాద్ పోతే తాళంచెవి కూడా వెంట పోయినట్టే.

సెంటర్ల మీద నాకు కోపం లేదు. దరఖాస్తు పెట్టించుకోండి, ప్రింటు తీయించుకోండి. కాగితం దాచే చోటు మాత్రం మీ పేరు మీద, మీ నంబరుతో తెరిచిన ఖాతా అయి ఉండాలి. పని అయ్యాక "నా ఫైళ్లు తీసెయ్ తమ్మీ" అని అడిగి, ఎదురుగా నిలబడి తీయించండి. మన వ్యక్తిగత వివరాల మీద మనకు హక్కుందని 2023లో పార్లమెంటు చట్టమే చేసింది. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

ఇక రెండో మాట, బీరువా. 2009 అక్టోబరు మొదట్లో కృష్ణా తుంగభద్రలు ఒకేసారి పొంగిన రోజులు ఈ ప్రాంతంవాళ్లు మరిచిపోలేదు. అలంపూర్, రాజోలి మునిగాయి, అవతలి ఒడ్డున కర్నూలు మునిగింది. ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు మనుషులు పిల్లల్ని ఎత్తుకుంటారు, గొడ్లను విప్పుతారు. ట్రంకు పెట్టె అడుగున ఉన్న పదో తరగతి మెమో గుర్తొచ్చేది నీళ్లు తీశాకే. బురదలో నానిన మెమో ఆరబెడితే కాగితం మిగులుతుంది, అక్షరాలు మిగలవు. మళ్లీ తెచ్చుకోవాలంటే పోలీసు కాగితం, అఫిడవిట్, చలానా, బోర్డు చుట్టూ తిరుగుడు. కాగితం పారేయమని నేను అనడం లేదు. రిజిస్ట్రేషన్ దస్తావేజు, పాసుబుక్కు, ఒరిజినల్ మెమో జాగ్రత్తగా ఉండాల్సిందే. కానీ ఉన్న ఒక్క ప్రతీ ఒక్క ఇంట్లోనే ఉంటే అది దాచినట్టు కాదు.

ఇప్పుడు ఫోన్లో ఫోటో సంగతి. మా పెద్దనాయనది సీడ్ పత్తి. గద్వాల చుట్టుపక్కల ఈ పంట ఎంతమందికి అన్నం పెడుతుందో, ఎంతమందిని అప్పుల్లోకి దింపుతుందో అందరికీ తెలుసు. కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజర్ రాసిచ్చిన చీటీ, అడ్వాన్సు లెక్క, గింజలు ఇచ్చిన తేదీ, జీవోటీ (విత్తన స్వచ్ఛత పరీక్ష) ఫలితం, ఇవే రైతు చేతిలో ఉండే సాక్ష్యం. "అన్నీ ఫోన్ల ఉన్నయ్ బిడ్డా" అన్నాడాయన. అరుగు మీద కూర్చొని తెరిచాం. గూగుల్ ఖాతాకు ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయి ఉంది. ఆ 15 జీబీ ఫోటోలకు వేరు, మెయిల్‌కు వేరు కాదు. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. 2021 జూన్ 1 నుంచి ఫోటోలు కూడా ఆ లెక్కలోకి వచ్చాయి, తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా చేరింది. పెద్దనాయన ఖాతాను నింపినవి శుభోదయం బొమ్మలు, గ్రూపుల్లో వచ్చిన వీడియోలు. నిండిన తర్వాత తీసిన ఫోటో ఏదీ పైకి వెళ్లలేదు. రెండు నెలలుగా ఆయన తీసిన చీటీలన్నీ ఆ పాత ఫోన్లో మాత్రమే ఉన్నాయి. ఆ ఫోను కాలువలో పడితే రెండు నెలల లెక్క కాలువ పాలే.

ఆ సాయంత్రం మేం చేసింది పెద్ద విద్య కాదు. ఖాతాలో స్టోరేజీ పేజీ తెరిచి, పెద్ద ఫైళ్లు ముందు చూపించమన్నాం. వీడియోలు తీసేశాం. తీసేసినవి కొన్నాళ్లు చెత్తబుట్టలో ఉంటాయి, డ్రైవ్‌లో అయితే 30 రోజులు. అది ఖాళీ చేస్తేనే చోటు మిగిలింది. డ్రైవ్‌లో "పొలం" అని ఒక ఫోల్డర్, "ఇల్లు" అని ఒకటి, "పిల్లల చదువు" అని ఒకటి పెట్టాం. పేర్లన్నీ తెలుగులోనే. "2018 పాసుబుక్కు", "జూన్ అడ్వాన్సు చీటీ" అని ఫైళ్లకు పేర్లు పెట్టాం. తర్వాత ఆయనే వేలితో "చీటీ" అని కొట్టాడు. చీటీ వచ్చింది. అరవై దాటిన మనిషి ఇంకోసారి కొట్టి చూసుకున్నాడు. అవన్నీ మనవాళ్లకు రావు అనేవాళ్లు ఆ వేలిని చూసి ఉండాల్సింది.

డిజీలాకర్ గురించీ ఒక పొరపాటు ప్రచారంలో ఉంది. కేంద్ర ప్రభుత్వం 2015 జులైలో దీన్ని మొదలుపెట్టింది. ఇందులోకి జారీ అయ్యే పత్రాలు ఒరిజినల్‌తో సమానమని 2017 ఫిబ్రవరిలో ఐటీ నిబంధనలు సవరించింది. "ఇంకేం, అన్నీ ఫోటో తీసి అందులో పడేస్తే ఒరిజినల్సే" అని కొందరు చెబుతున్నారు. కాదు. అందులో రెండు అరలున్నాయి. రవాణా శాఖ, పరీక్షల బోర్డు లాంటి జారీ చేసిన సంస్థ దగ్గర నుంచే నేరుగా వచ్చి చేరే పత్రాలది ఒక అర. ఒరిజినల్‌తో సమానమైనవి అవి. మనం ఫోటో తీసి ఎక్కించుకునేవాటికి 1 జీబీ చోటుతో ఇంకో అర ఉంది. అందులోవి మన సౌకర్యానికి దాచుకున్న నకళ్లే. చెక్‌పోస్టు దగ్గర పోలీసు లైసెన్సు అడిగితే మొదటి అరలోది చెల్లుతుంది, గ్యాలరీలోని ఫోటో చెల్లదు. ఈ తేడా తెలియక జరిమానా కట్టినవాడు "డిజీలాకర్ దండగ" అంటాడు. తప్పు లాకర్‌ది కాదు, అర మారడంలో ఉంది. లాకర్‌కు ఆధార్ జోడించాలంటే ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరుకు ఓటీపీ రావాలి. ఆఫర్ వచ్చినప్పుడల్లా సిమ్ మార్చి పాత నంబరు వదిలేసినవాళ్లు ముందు ఆధార్‌లో నంబరు మార్పించుకోవాలి.

ఒకసారి పైకి ఎక్కితే ఇక పోదనే మాటా నిలవదు. క్లౌడ్ అంటే మబ్బు కాదు. ఎవరో ఒకరి భవనంలో, కరెంటు మీద నడిచే కంప్యూటర్లు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ పేరుతో ప్రారంభించిన క్లౌడ్ కేంద్రాలు ఉన్నది నాగర్‌కర్నూల్‌కు పక్క జిల్లా అయిన రంగారెడ్డిలోనే. అవి మన గోదాముల్లాంటివి. గోదాముకు యజమాని ఉంటాడు, షరతులు ఉంటాయి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాను తీసేసే అధికారం తనకుందని గూగుల్ ప్రకటించింది, 2023 డిసెంబరు నుంచి అమల్లో పెట్టింది. పుణే, ముంబయి పనికి పోయి ఫోను, నంబరు మార్చి, పాత ఖాతాను మరిచిపోయిన మన పాలమూరు పిల్లల్లో ఎందరి ఫోటోలు, కాగితాలు ఆ గడువు కింద ఉన్నాయో ఆలోచించండి. ఇంకో ప్రమాదం మన చేతిలోనే ఉంది. చోటు కోసమని గూగుల్ ఫోటోస్‌లో బొమ్మ తీసేస్తే ఫోన్లోదే కాదు, పైన దాచిందీ పోతుంది. ఫోన్లో మాత్రమే ఖాళీ చేయడానికి అందులోనే వేరే మీట ఉంది. మూడోది, లింకు. డ్రైవ్‌లోని ఫైలును "లింకు ఉన్న ఎవరైనా" చూసేలా పంపితే ఆ లింకు చేతులు మారిన ప్రతిచోటా మీ ఆధార్ తెరుచుకుంటుంది. కావలసిన మనిషి మెయిల్ పేరు మీదే పంపాలి, పని అయ్యాక ఆ అనుమతి తీసేయాలి.

అందుకే దాచడం ఒక్కటే సరిపోదని అంటున్నాను. ధాన్యం గుమ్మిలో పోసి ఊరుకోం కదా, ఎండబెడతాం, పురుగు పట్టిందేమో చూస్తాం. ఇదీ అంతే. అప్పుడప్పుడు తెరిచి చూడాలి.

ఇక చివరి మాట, అన్నిటికంటే నన్ను బాధపెట్టిన మాట: మనవాళ్లకు రాదు. ఈ గడ్డకు ఇలాంటి మాట కొత్త కాదు. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే ఇదే గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు మనిషి సురవరం ప్రతాపరెడ్డి జవాబిచ్చారు. ఎలా ఇచ్చారు? పల్లెపల్లె నుంచి కవుల పద్యాలు, వివరాలు తెప్పించి, వరుసపెట్టి, 1934లో 354 మంది కవులతో గోల్కొండ కవుల సంచిక అచ్చు వేయించారు. ఎవరిళ్లలోనో మూలన పడి ఉన్నవి ఒకచోట చేరాయి, పేరుతో సహా దొరికేలా నిలిచాయి. రాదన్నవాళ్లకు చేసి చూపడమే జవాబని ఆయన నేర్పారు. యూపీఐతో కూరగాయలు కొంటున్న అవ్వకు, వీడియో కాల్‌లో ముంబయిలోని కొడుకుతో మాట్లాడుతున్న తల్లికి ఒక ఫోల్డర్ తెరవడం రాదని చెప్పే హక్కు ఎవరికీ లేదు. వాళ్లకు రాకపోవడం కాదు, పక్కన కూర్చొని చూపించే ఓపిక మనకు లేకపోవడం.

కాబట్టి చదువుకున్న పిల్లలకు నా మనవి. ఈ ఆదివారం అమ్మానాన్నల దగ్గర ఒక గంట కూర్చోండి. వాళ్ల ఖాతా వాళ్ల నంబరు మీదే ఉందో లేదో చూడండి. పాస్‌వర్డ్‌ను ఇంట్లో ఒక నోట్‌బుక్కులో వాళ్ల చేతే రాయించి దాచండి, సెంటర్లో చెప్పవద్దని చెప్పండి. పాసుబుక్కు, ఆధార్, రేషన్ కార్డు, మెమోలు, పొలం చీటీలు ఫోల్డర్లలో పెట్టించండి. చివరగా, వాళ్ల ఫోను పక్కన పెట్టి, మీ ఫోన్లో వాళ్ల ఖాతాను వాళ్ల చేతే తెరిపించండి. పాసుబుక్కు కనిపిస్తే అది నిజంగా దాచినట్టు. చూశాక మీ ఫోన్లోంచి ఆ ఖాతాను బయటికి తీసేయండి. కనిపించకపోతే అక్కడే, ఆ పూటే సరిచేయండి. మూడు నెలలకోసారి ఇదే పని మళ్లీ చేయండి.