ఇంజన్ మరిగితే నేరం డ్రైవరుదేనా?



ట్రైలర్ తగిలించిన పాత డీజిల్ జీపు ఘాట్ రోడ్డు మీద మరిగి ఆగిపోతే, ముందుగా కదిలేది మెకానిక్కు కాదు, టైపు మిషను. డ్రైవరు అజాగ్రత్త వల్ల ఇంజన్ చెడినదనీ, మరమ్మతు ఖర్చును అతని జీతంలో ఎందుకు కోయరాదో సంజాయిషీ ఇవ్వవలెననీ మెమో తయారవుతుంది. ఆ బండి వయస్సెంత, ట్రైలర్‌లో బరువెంత, రేడియేటరును చివరిసారిగా శుభ్రం చేసినదెన్నడు అనే ప్రశ్నలు ఆ కాగితంలో కనిపించవు. అడగవలసిన ప్రశ్నలను అడగకుండా ఇచ్చే తీర్పు తీర్పు కాదు, పై అధికారి తన మెడకున్న ఉచ్చును క్రింది ఉద్యోగి మెడకు మార్చుకోవడం మాత్రమే.

ఈ విషయం రైల్వే ఉద్యోగికి బోధించవలసిన పని లేదు. ఏ సెక్షనులో ఏ ఇంజను ఎంత బరువు లాగగలదో లోడు పట్టికలో చూడకుండా గూడ్సు బండి కదలదు. కర్జత్, లోనావ్లాల మధ్య భోర్ ఘాట్‌లో 37 అడుగులకు 1 అడుగు చొప్పున దారి ఎక్కుతుంది గనుక అక్కడ బండికి సహాయ ఇంజన్లు తగిలిస్తారు. డీజిల్ లోకోలో నీరు హద్దు మీరి వేడెక్కితే గంట మ్రోగుతుంది. బరువు, ఎక్కుడు, వేడి ఈ మూడింటినీ డ్రైవరు అదృష్టానికి వదలకుండా లెక్కలో పెట్టినందువల్లనే రైలు నడుస్తున్నది. పట్టాల మీద పాటించే ఈ నీతి తారు రోడ్డు మీదికి రాగానే ఎందుకు మాయమవుతున్నది?

లెక్క మనమే వేసి చూద్దాం. మనుషులతో, పనిముట్లతో జీపు 1800 కిలోలు, నిండిన ట్రైలర్ 1500 కిలోలు అనుకుందాం. మొత్తం 3300 కిలోలు. 20 అడుగులకు 1 అడుగు ఎక్కే దారిలో ఎక్కుడుకే 165 కిలోల లాగుడు కావాలి. చక్రాల దొర్లుడుకు టన్నుకు 15 కిలోల చొప్పున మరి 50. మొత్తం 215 కిలోలు. గాలి అడ్డును వదిలివేసినా, గంటకు 40 కిలోమీటర్ల వేగానికి చక్రాల వద్ద సుమారు 32 అశ్వశక్తి, 60 కిలోమీటర్లకు 48 అశ్వశక్తి అవసరం. ట్రైలర్ లేని జీపుకు అదే ఎక్కుడులో 40 కిలోమీటర్ల వేగానికి 17 చాలు.

టర్బో లేని పాత ఇంజను క్రొత్తగా ఉన్ననాడు 60 అశ్వశక్తి ఇచ్చిందనుకుందాం. గేర్లలో, ఇరుసులలో పోగా చక్రాలకు చేరేది 51. ఇంజను అరిగి శక్తిలో అయిదో వంతు తగ్గితే చేరేది 41 మాత్రమే. అంటే పెడలు నేలకు నొక్కి పట్టినా ఆ ఎక్కుడులో 50 కిలోమీటర్లు దాటడం కష్టం. పైగా సముద్రమట్టానికి 1000 మీటర్ల ఎత్తుకు చేరేసరికి గాలి పలచబడి ఇటువంటి ఇంజను మరో పదో వంతు శక్తిని కోల్పోతుంది. బండి మందగించడం డ్రైవరు బద్ధకం కాదు, లెక్క చెప్పిన ఫలితం.

వేడెక్కడం కూడా ఈ లెక్కలోనిదే. డీజిల్ మండగా పుట్టిన వేడిలో స్థూలంగా మూడో వంతు పనిగా మారుతుంది, మరో మూడో వంతు పొగ గొట్టం గుండా పోతుంది, మిగిలినదానిలో అధిక భాగం నీటికి చేరుతుంది. ఎంత ఎక్కువ లాగితే అంత ఎక్కువ వేడి రేడియేటరు భరించాలి. ఎక్కుడులో వేగం తగ్గితే ఎదురుగాలి తగ్గుతుంది. పై గేరులోనే ఈడ్చుకుపోతే ఇంజను తిరుగుడు పడిపోయి ఫ్యాను, నీటి పంపు రెండూ మందగిస్తాయి. చమురు నిండుగా మండుతూ ఉంటుంది. చల్లార్చే సాధనాలు సగం నిద్రలో ఉంటాయి. శక్తి చాలకపోవడం, వేడి మిక్కుటం కావడం రెండు వేర్వేరు జబ్బులు కావు. తరచుగా ఒకే జబ్బుకు రెండు లక్షణాలు.

ఆ జబ్బుకు మూలాలు ఎక్కడ? ఉప్పు నీళ్ళు పోసి పోసి రేడియేటరు గొట్టాలలో పేరుకున్న గార. రెక్కల మధ్య బిగిసిన దుమ్ము, పురుగులు. జారుతున్న ఫ్యాను బెల్టు. పట్టు విడిచిన రేడియేటరు మూత. ఈ మూత చిన్నదని ఈసడించరాదు. సముద్రమట్టాన మామూలు నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. సుమారు ఒక వాతావరణ పీడనాన్ని అదనంగా నిలిపే మూత ఉంటే 120 డిగ్రీల వరకు మరగదు. మూత పాడయితే ఆ 20 డిగ్రీల రక్షణ పోయినట్లే. ఇక మందగింపుకు కారణాలు: మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, కారుతున్న నాజిళ్ళు, టైమింగు తప్పిన పంపు, విడవకుండా పట్టుకునే బ్రేకు, జారే క్లచ్చి. వీటిలో ఏ ఒక్కటీ స్టీరింగు ముందు కూర్చున్న మనిషి సృష్టించినది కాదు. ప్రతి ఒక్కటీ మెయింటెనెన్సు రిజిస్టరులో తేదీ వేసి సంతకం చేయవలసిన పని.

డ్రైవరు బాధ్యత అసలే లేదని మనం వాదించడం లేదు. ముల్లు పైకి లేస్తున్నప్పుడు క్రింది గేరుకు దిగాలి. బండి బాగా వేడెక్కితే పక్కకు ఆపి, ఇంజనును ఆపకుండా కొంతసేపు ఖాళీగా తిరగనివ్వాలి. నీరు కారిపోతుంటేనో, బెల్టు తెగితేనో మాత్రం వెంటనే ఆపాలి. మరుగుతున్న రేడియేటరు మూత విప్పితే ఆవిరి ముఖం కాలుస్తుంది. కాలిన ఇంజనులో చన్నీళ్ళు పోస్తే హెడ్డు పగులుతుంది. పొడి తారు రోడ్డు మీద నాలుగు చక్రాల డ్రైవు వేసి లాగడం పాత జీపులకు హాని. ముందు, వెనుక ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. వేడి తగ్గుతుందని థర్మోస్టాటు పీకివేసే అలవాటును మన వర్క్‌షాపుల వారు కూడా మానుకోవాలి. అది జబ్బును దాచడమే గాని మాన్పడం కాదు. ఈ జాగ్రత్తలు నేర్పడానికి యాజమాన్యం శిక్షణ ఇవ్వాలి. నేర్పని పాఠానికి పరీక్ష పెట్టి, తప్పినవాడికి జరిమానా వేయడం న్యాయం కాదు.

ఇప్పుడు చట్టం సంగతి. పోస్టల్ ఉద్యోగులకు వర్తించే 1965 నాటి సి.సి.ఎస్. (సి.సి.ఎ.) నియమాలలోనూ, రైల్వే ఉద్యోగులకు వర్తించే 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమాలలోనూ నష్టాన్ని జీతం నుంచి రాబట్టడం చిన్న శిక్షల జాబితాలో ఉన్నది. చిన్న శిక్ష గనుక పూర్తి స్థాయి విచారణ లేకుండానే విధించే వీలున్నది. కాని ఆ నియమం నష్టం జరిగితే చాలునని చెప్పలేదు. ఉద్యోగి అజాగ్రత్త వల్లనో, ఆజ్ఞ ఉల్లంఘన వల్లనో నష్టం జరగాలని చెప్పింది. గార పట్టిన రేడియేటరు ఎవరి అజాగ్రత్త? బరువు చూడకుండా ట్రైలర్ నింపించినది ఎవరి ఆజ్ఞ? 1988 మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షను అధిక బరువుతో బండి నడిపినవానితో పాటు నడిపించినవానినీ, నడపనిచ్చినవానినీ కూడా శిక్షార్హులుగా పేర్కొన్నది. 190వ సెక్షను లోపం గల బండి విషయంలోనూ అదే మాట చెప్పింది. చట్టం ముగ్గురిని వేలెత్తి చూపుతుంటే, మెమో ఒక్కడినే ఎందుకు చూపుతున్నది?

15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దయింది గదా, ఇక పాత బండ్ల బాధ ఎక్కడిది అని కొందరు అడగవచ్చు. రేడియేటరు 15 ఏళ్ళు ఆగి పూడిపోదు. నిర్లక్ష్యం చేస్తే అంతకు చాలా ముందే పూడుతుంది. పైగా శాఖ బండి పోయిన చోటికి కాంట్రాక్టరు అద్దె బండి వస్తే రిజిస్టరూ పోతుంది, బాధ్యతా పోతుంది. చెడిన బండి ఖర్చు యూనియను అండ లేని డ్రైవరు కూలిలో పడుతుంది. పొగ పరీక్షలో పాసయిన కాగితం చూపి నోరు మూయించాలని చూస్తారు. ఆ పరీక్షలో నిలిచి ఉన్న బండిని ఖాళీగా రేజ్ చేసి పొగ కొలుస్తారు. టన్నున్నర బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు నీరు ఎంత వేడెక్కుతుందో ఆ కాగితం చెప్పలేదు.

కావున మన కోర్కెలు స్పష్టంగా ఉండాలి. ట్రైలర్ లాగే ప్రతి బండికీ, అది తిరిగే దారి ఎక్కుడును బట్టి, లాగదగిన బరువు వ్రాసిన కార్డు బండిలోనే ఉండాలి. కార్డుకు మించి నింపమన్న ఆజ్ఞ వ్రాతమూలకంగా ఇవ్వాలి. వేడి ముల్లు పనిచేయని బండిని బయటికి పంపరాదు. లోకోలో వలెనే హెచ్చరిక గంట అమర్చాలి. రేడియేటరు, ఫిల్టర్లు, నాజిళ్ళ పనులకు గడువులు పెట్టి నమోదు చేయాలి. ఇంజన్ చెడినప్పుడు సంఘ ప్రతినిధి సమక్షంలో దానిని విప్పి కారణం నిర్ణయించిన తరువాతనే రికవరీ ప్రస్తావన రావాలి. అద్దె బండ్ల కాంట్రాక్టులో కూడా బరువుతో ఎక్కించి చూసే పరీక్షను షరతుగా చేర్చాలి.

శాఖల కార్యదర్శులు ఈలోగా ఒక పని చేయాలి. బండి తీసే ముందు డ్రైవరు కనిపెట్టిన ప్రతి లోపాన్నీ లాగ్ బుక్కులో వ్రాయించండి, పై అధికారి సంతకం పెట్టించండి, నకలు దగ్గర ఉంచండి. మెమో వచ్చినప్పుడు విచారణ జరపవలెనని సంజాయిషీలోనే వ్రాతపూర్వకంగా కోరండి. నోటిమాటగా చెప్పిన లోపం ఘాట్ మలుపులో ఆవిరైపోతుంది. సంతకం పడిన లోపం ఫైలులో నిలుస్తుంది. ఆ సంతకం ఉన్ననాడు జీతం కోత మాట ఎత్తడానికి ఏ అధికారి అయినా ఒకటికి రెండుసార్లు ఆలోచించవలసి వస్తుంది.