మాసికలు కంపెనీ గూట్లోనే మగ్గిపోవాలా?

జర్మనీలో సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తున్న మన తెలుగువాళ్లలో కొందరికి రోజూ లినక్స్ కెర్నెల్‌తోనే పని. కారులోని కంప్యూటరు, ఫ్యాక్టరీ యంత్రం, బ్యాంకు సర్వరు... ఎక్కడో ఒకచోట ఆ కెర్నెల్ ఉంటుంది. దాని మీద కంపెనీ సొంతంగా వేసుకున్న ప్యాచ్‌లూ ఉంటాయి. వాటిని గూట్లో దాచుకోకుండా అసలు కెర్నెల్‌కు పంపించాలని, అందుకు మనవాళ్లే ముందుకొచ్చి అడగాలని మా అభిప్రాయం.

ప్యాచ్ అంటే మాసికే. సూసే, డెబియన్ లాంటి డిస్ట్రిబ్యూషన్లు అసలు సోర్సును ముట్టుకోవు. చేసిన మార్పులను విడివిడి ఫైళ్లుగా ఉంచి, ఏది ముందో ఏది తర్వాతో ఒక జాబితాలో రాసుకుంటాయి. ప్యాకేజీ కట్టేటప్పుడు ఆ వరుసలోనే ఒకదానిపై ఒకటి వేస్తాయి. ఈ పనికి వాడే ఒక పనిముట్టు పేరు క్విల్ట్, అంటే మన బొంతే! ఆండ్రూ మోర్టన్ రాసుకున్న స్క్రిప్టులను పెంచి, సూసేలో పనిచేసిన ఆండ్రియాస్ గ్రూన్‌బాకర్ దాన్ని తయారుచేశాడు. పేరు భలే కుదిరింది. అమ్మమ్మలు పాత చీరలతో కుట్టిన బొంతలో ఒక పొర జరిగితే పైవన్నీ ముడతలు పడతాయి కదా, ఇదీ అంతే.

తొమ్మిది పది వారాలకోసారి కొత్త కెర్నెల్ వస్తుంది. కంపెనీ దానికి మారిన ప్రతిసారీ పాత మాసికలు సరిగా అతుక్కోవు. లైన్లు జరిగి ఉంటాయి, ఫంక్షను పేరు మారి ఉంటుంది. అతుక్కోకపోతే కనీసం తెలుస్తుంది. అతుక్కోకూడని చోట అతుక్కుంటేనే అసలు తంటా, ఏ కస్టమరు దగ్గరో బయటపడుతుంది. మేము చూసినంతలో ఈ చాకిరీ టీములో కొత్తగా చేరినవాడి నెత్తినే పడుతుంది. ఆ మాసిక ఎవరు వేశారో, ఎందుకు వేశారో రాసి ఉండదు. వేసినవాడు ఉద్యోగం మారి ఎప్పుడో మ్యూనిక్ వెళ్లిపోయి ఉంటాడు.

న్యూరెంబర్గ్‌లో పెరిగిన సూసే దీనికి ఒక కట్టుబాటు పెట్టుకుంది. ప్రతి ప్యాచ్ పైన అది ఏ బగ్గు కోసమో, అసలు కెర్నెల్‌లో ఏ వెర్షన్లో చేరిందో రాయాలి. ఎప్పటికీ చేరదంటే కారణం చెప్పాలి. డెబియన్ సూచించే పద్ధతిలోనూ పైకి పంపారా లేదా అన్న గడి ఉంది. పైన చేరిన మాసికను తర్వాతి వెర్షన్లో బొంతలోంచి తీసేయొచ్చు, బరువు తగ్గుతుంది.

పైకి పంపడం తేలికని మేము అనం. రియల్‌టైమ్ ప్యాచ్‌ల సంగతే చూడండి. బోడెన్ సరస్సు దగ్గర ఊల్డింగెన్‌లోని లినుట్రోనిక్స్ సంస్థకు చెందిన థామస్ గ్లైక్స్‌నర్, ఆయన తోటివాళ్లు సుమారు ఇరవై ఏళ్లు వాటిని బయటే మోశారు. ముక్కముక్కగా లోపలికి చేరుస్తూ వచ్చారు. చివరి ముక్క 2024లో వచ్చిన 6.12 కెర్నెల్‌లో చేరింది. అంతటివాళ్లకే అన్నేళ్లు పట్టింది. మన డ్రైవర్లో నాలుగు లైన్ల దిద్దుబాటుకు అంత పట్టదు లెండి.

మనకిందులో ఇంకో లెక్క ఉంది. కంపెనీ గూట్లోని ప్యాచ్ మనతో రాదు. ప్రాజెక్టు ఆగి, బ్లూ కార్డు చేతబట్టుకుని కొత్త కొలువు వెతుక్కునే రోజున ఏం చేశావంటే చూపించడానికేమీ ఉండదు. అసలు కెర్నెల్‌లో చేరితే మాత్రం మన పేరు, కింద సైన్డ్ ఆఫ్ బై అన్న సంతకం ఉండిపోతాయి. ఇంటర్వ్యూ చేసేవాడు తానే వెతికి చూసుకోవచ్చు.

అలాగని అడక్కుండా పంపేయకండి. ఆ సంతకం అంటే దీన్ని పంపే హక్కు నాకుందని మనమిచ్చే హామీ. ఎస్‌సీవో కంపెనీ 2003లో కోర్టుకెక్కాక, 2004లో ఈ పద్ధతి వచ్చింది. జర్మన్ కాపీరైట్ చట్టం 69బి సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసిన ప్రోగ్రాంపై ఆర్థిక హక్కులు యజమానివే. కాబట్టి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి.

అడిగేటప్పుడు ఓపెన్ సోర్స్ ఆదర్శాల గురించి ఉపన్యాసం వద్దు. ఇక్కడి మేనేజరుకు అర్థమయ్యే మాట అవుఫ్‌వాండ్. పోయినసారి వెర్షన్ మారినప్పుడు ఏ ప్యాచ్‌కు ఎన్ని గంటలు పట్టిందో కాగితం మీద రాసి ముందు పెట్టండి. అన్నిటికంటే ఎక్కువ గంటలు తిన్నదాన్ని, కంపెనీ రహస్యం లేనిదాన్ని ఒక్కదాన్ని చూపించి, దీన్ని పంపుదామా అని అడగండి.