ముగ్గురాయి బేరానికి తూకం ఒక్కటే చాలదు

కొత్తగూడెం: బొగ్గు ఊళ్లో చమురు బావుల ముచ్చటేమిటని వర్తక మిత్రులు అడగవచ్చు. భద్రాచలం దాటి దిగువకు పారే గోదావరి కోనసీమ చేరేసరికి ఓఎన్‌జీసీ రిగ్గులు ఎదురవుతాయి. ఆ రిగ్గులు వాడే బురదకు బరువునిచ్చే సరుకు ముగ్గురాయి పొడి, అనగా బెరైటీస్. ఓబులవారిపల్లె మండలం మంగంపేట నిక్షేపం జగత్ప్రసిద్ధం. పాత ఖమ్మం జిల్లాలోనూ ఈ రాయి ఉంది. కనుక ఇది మనకు పరాయి బేరం కాదు.

అయితే మన దళారులు దీనిని ఉత్త తూకపు సరుకుగానే చూస్తున్నారు. సాంద్రత 4.2 ఉన్నదా లేదా అన్నదొక్కటే వారి ప్రశ్న. 2010 నుంచి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 4.1 రకాన్నీ అంగీకరించింది. బావిలోని ఒత్తిడిని అణచడానికి బరువు కావలసిందే, కాదనము. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. ఒత్తిడి అంటే ఏమిటో కోనసీమకు తెలుసు.

కాని చమురున్న పొరకు చేరాక లెక్క మారుతుంది. అక్కడ బురదలోని నీరు, సన్నని రజను రాతి రంధ్రాల్లోకి చొరబడతాయి. ఉప్పులేని నీటి బురదైతే రాతిలోని బంకమట్టి ఉబ్బి దారి మూస్తుంది. అందుకే పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. నూనె బురదలో కలిపే ఎమల్సిఫయర్లది మరో తంటా. మామూలుగా ఇసుకరాతి రేణువులను నీటి పొర అంటిపెట్టుకొని ఉంటుంది, చమురు నడుమ నుంచి జారిపోతుంది. ఈ మందులు రాతికి పట్టాయంటే రాయి నీటిని వదలి నూనెను పట్టుకుంటుంది. రావలసిన చమురు రాతికే అంటుకొని, పైకి వచ్చేది తగ్గుతుంది. కోట్లు పోసి తవ్విన బావి తన సత్తా చూపకుండానే మందగిస్తుంది.

ముగ్గురాయి రజను ఆ రంధ్రాల్లో ఇరుక్కుంటే ఆసిడ్ పోసినా కరగదు. సున్నపురాతి పొడి కరుగుతుంది. అందుచేత ఆఖరి అంచెలో ఇంజనీర్లు వీలైనచోట దానినే కోరుతారు. దాని సాంద్రత 2.7 మాత్రమే కాబట్టి ఒత్తిడి హెచ్చుగా ఉన్న బావిలో మళ్లీ మన రాయే గతి. తవ్వకపు ప్రతి మీటరునూ ముగ్గురాయి గిరాకీగా లెక్కగట్టేవారు ఈ తేడా గమనించాలి.

రసాయనం సంగతి ప్రమాణంలోనే ఉన్నది. నీటిలో కరిగే కాల్షియం కిలోకు 250 మిల్లీగ్రాములు మించరాదు. 75 మైక్రాన్ల జల్లెడపై మిగిలేది 3 శాతం, 6 మైక్రాన్లలోపు రజను 30 శాతం దాటరాదు. సాంద్రత బాగున్నా ఈ అంకెలు తప్పిన సరుకు ఆ గ్రేడు కింద చెల్లదు. నమూనా లాబ్ రిపోర్టు చేతికి రాకముందు అడ్వాన్సు ఇవ్వకండి. సున్నపురాతి పొడి ధర కూడా విడిగా అడిగి ఉంచుకోండి.