ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది?

నిన్న పొద్దున గ్యాస్ బండ వచ్చింది. ఆ అబ్బాయి బండ లోపల పెట్టి, "కోడ్ చెప్పండమ్మా" అన్నాడు. నా ఫోన్ చూసి చెప్పాను. తన ఫోన్లో కొట్టుకుని వెళ్ళిపోయాడు. మొత్తం రెండు నిమిషాల పని.

ఇదేం విశేషం అని కొట్టిపారెయ్యకండి. రెండేళ్ళ క్రితం వరకూ మా ఇంట్లో ఈ రెండు నిమిషాల పనికి అరగంట పట్టేది. ఎందుకంటే కోడ్ మా వారి ఫోన్‌కి వచ్చేది. ఆయనేమో ఆఫీసులో ఉండేవారు. నేను ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నా, మళ్ళీ చేస్తా" అని పెట్టేసేవారు. గ్యాసబ్బాయి గుమ్మంలో నిలబడి "ఇంకా చాలా ఇళ్ళకి వెయ్యాలమ్మా" అని నసిగేవాడు. "కాస్త ఆగు నాయనా" అని మంచినీళ్ళిచ్చి బతిమాలుకునేదాన్ని. వంట చేసేది నేను. బండ అయిపోవచ్చిందని కనిపెట్టేది నేను. బుక్ చెయ్యమని మూడుసార్లు గుర్తుచేసేది నేను. కోడ్ మాత్రం ఆయనకి.

అప్పట్లో ఇది నాకు తప్పుగా తోచలేదు సుమండీ. "ఆ గోలంతా మనకెందుకు, ఆయన చూసుకుంటారు" అని హాయిగా ఉండేదాన్ని. అలాగని ఫోన్ చేతకానిదాన్నీ కాదు. లేఖినితో తెలుగు టైపు చెయ్యడం నేర్చుకుని చాలా ఏళ్ళయింది. యూట్యూబ్ చూసి కేకులు చేశాను. వాట్సాప్‌లో చుట్టాల గ్రూపులు రెండు నేనే నడుపుతాను. కానీ ఒకటి గమనించలేదు. సరదాకి సంబంధించినవన్నీ నా ఫోన్లో ఉండేవి, సంసారానికి సంబంధించినవన్నీ ఆయన ఫోన్లో ఉండేవి.

అది గమనించేలా చేసింది ఒక శుక్రవారం సాయంత్రం. మా వారు ఆఫీసు నుంచి వస్తూ బెంజి సర్కిల్ దగ్గర ఆటో తగిలి స్కూటర్ మీంచి పడ్డారు. తలకి దెబ్బ తగిలింది, కుడిచెయ్యి విరిగింది. ఎవరో పుణ్యాత్ములు ఆసుపత్రిలో చేర్పించి, ఆయన పర్సులో ఉన్న చీటీ చూసి నాకు ఫోన్ చేశారు. నేను వెళ్ళేసరికి ఐసీయూలో ఉన్నారు, స్పృహ లేదు.

కౌంటర్లో అమ్మాయి అడిగింది. "ఇన్సూరెన్స్ ఉందా మేడం?" ఉంది. "పాలసీ నంబరు?" ఆయన మెయిల్లో ఉంటుంది. "ఆధార్?" ఆయన ఫోన్లో ఉంటుంది. "సరే, ముందు అడ్వాన్సు కట్టండి, ముప్ఫై వేలు." నా హ్యాండ్‌బ్యాగులో 640 రూపాయలున్నాయి.

నాకు బ్యాంకు ఖాతా లేక కాదు. పెళ్ళయిన కొత్తలో తీసిన ఖాతా ఉంది. మా నాన్న ఇచ్చిన డబ్బూ, నేను చీటీ పాడుకున్న డబ్బూ అందులోనే ఉన్నాయి. కార్డు గడువు తీరిపోయి ఏడాదైంది, కొత్తది తెప్పించుకోవాలని నాకు తోచలేదు. పోనీ అప్పటికప్పుడు ఫోన్లో యూపీఐ పెట్టుకుందామా అంటే కుదరదు. బ్యాంకులో ఏ నంబరు ఇచ్చామో ఆ సిమ్ ఉన్న ఫోన్లోనే యూపీఐ నమోదవుతుంది. నా ఖాతాకి ఇచ్చిన నంబరు మా వారిది. అంటే నా డబ్బు నేను తీసుకోవడానికి కావలసిన కబురు, ఐసీయూలో కళ్ళు మూసుకుని పడుకున్న మనిషి ఫోన్‌కి రావాలి. ఆ ఫోనేమో అద్దం పగిలి ప్లాస్టిక్ కవర్లో నా ఒళ్ళో ఉంది.

ఏడుపు రాలేదు నాకు. సిగ్గేసింది. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఇల్లు నేను నడుపుతున్నాననుకున్నాను.

రాత్రికి గుంటూరు నుంచి మా తమ్ముడు వచ్చి డబ్బు కట్టాడు. మర్నాడు ఆయన సిమ్ తీసి తన పాత ఫోన్లో వేశాడు. ఓటీపీలు రావడం మొదలైంది సరే, పిన్‌లూ పాస్‌వర్డులూ ఎవరికి తెలుసు? చివరికి బీరువాలో పాత ఫైళ్ళన్నీ తిరగేస్తే మూడేళ్ళనాటి ప్రీమియం రసీదు ఒకటి దొరికింది. దాని మీది పాలసీ నంబరుతో గట్టెక్కాం. కంప్యూటర్లన్నీ చేతులెత్తేస్తే కాగితం ముక్క కాపాడింది.

ఆయన కోలుకున్నారు. ఇంటికొచ్చాక, చేతికి ఇంకా కట్టు ఉండగానే మెల్లిగా అన్నాను, "ఏమండీ, నా ఖాతాకి నా నంబరు మార్పించుకుంటాను."

"ఎందుకిప్పుడు? నా మీద నమ్మకం లేదా?" అన్నారు.

ఈ మాట మన ఇళ్ళలో చాలామంది నోరు మూయించేస్తుంది. నా నోరూ ఒక నిమిషం మూతపడింది. తర్వాత అన్నాను, "నమ్మకం లేక కాదండీ. ఆ రోజు మీ భారమంతా నా మీద వేసి పడుకున్నారు. ఆ భారం మొయ్యడానికి నా చేతిలో ఏముంది చెప్పండి?"

ఆయనేం మాట్లాడలేదు. వారం తర్వాత తనే "పద, బ్యాంకుకి వెళ్దాం" అన్నారు. అక్కడ పాస్‌బుక్కు, ఆధార్ చూసి ఫారం ఇస్తూ, "సార్ నంబరే ఉంచెయ్యండమ్మా, మీకు ఈజీగా ఉంటుంది" అన్నాడు గుమాస్తా. మా వారు కట్టు చెయ్యి కౌంటర్ మీద పెట్టి, "ఖాతా ఆవిడది బాబూ" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయన మీద ఉన్న పాత కోపాలు సగం పోయాయి నాకు.

అప్పట్నుంచి ఒక్కొక్కటీ నేర్చుకున్నాను. ముందు ఆధార్‌కి నా నంబరు. అది సరిగ్గా ఉంటే మిగతా తలుపులన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి. తర్వాత డిజిలాకర్. 2015 నుంచీ ఉన్న ప్రభుత్వ సదుపాయమే, నేనే ఆలస్యంగా చేరాను. ఆధార్, పాన్, లైసెన్సు, బండి ఆర్‌సీ అన్నీ అందులోకి తెచ్చుకోవచ్చు. అక్కడ జారీ అయిన పత్రానికి చట్టప్రకారం అసలు కాగితంతో సమానమైన విలువ ఉంది. మా అబ్బాయి లైసెన్సు ఇంట్లో మర్చిపోయి బండి వేసుకుపోయినా ఇప్పుడు నాకు గుండెదడ లేదు. ఇన్సూరెన్స్ కార్డు మాత్రం రెండు కాపీలు తీసి, ఒకటి నా బ్యాగులో, ఇంకొకటి ఫ్రిజ్ మీద పెట్టాను. కాగితం చేసిన సాయం మర్చిపోతే ఎలా?

రైలు టికెట్లు ఇప్పుడు నేనే తీస్తున్నాను. ఏసీ తత్కాల్ పదింటికి, మామూలు స్లీపర్ పదకొండింటికి తెరుస్తారని పాఠంలా నోటికొచ్చేసింది. తత్కాల్‌కి ఇప్పుడు ఆధార్‌తో సరిచూసిన ఐడీ ఉండాలి కాబట్టి ఆ పని ముందే చేసి పెట్టుకున్నాను. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లకైతే ఫోన్ ముందు కూర్చున్నా మళ్ళీ క్యూలైనే. స్వామివారికి ఆన్‌లైనైనా ఆఫ్‌లైనైనా మన ఓర్పు చూడటమే సరదా. కరెంటు బిల్లు, సర్టిఫికెట్ల పనులకి 2025 జనవరిలో మన రాష్ట్రంలో వాట్సాప్‌లో మొదలైన 'మన మిత్ర' ఉంది. 95523 00009 నంబరు సేవ్ చేసుకుని ఒక హాయ్ కొడితే చాలు. వాట్సాప్ వాడే ప్రతి ఆడమనిషీ వాడగలిగినదే.

అన్నింటికన్నా నాకు తృప్తినిచ్చింది మా అమ్మ పని. అమ్మ తెనాలిలో ఉంటుంది, డెబ్భై నాలుగేళ్ళు. నాన్నగారి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఏటా నవంబరులో బతికే ఉన్నానని చూపించుకోవడానికి మోకాళ్ళ నొప్పులతో ఆటో ఎక్కి వెళ్ళి గంటలు గంటలు కూర్చునేది. జీవన్ ప్రమాణ్ అని ఒకటుంది, ఇంట్లోనే ఫోన్ కెమెరాలో ముఖం చూపించి ఆ సర్టిఫికెట్ ఇచ్చెయ్యొచ్చు అని తెలిసి, కిందటి నవంబరులో వెళ్ళి చేశాను. అమ్మని వెలుతురు పడేలా వరండాలో కూర్చోబెట్టి, రెప్పలార్పమన్నాను. పని అయిపోయింది. "ఇంతేనా? రెప్ప వేస్తే బతికున్నట్టేనటే?" అని ఒకటే నవ్వు.

ఆ రోజే ఇంకో సంగతి బయటపడింది. పనిలో పనిగా అమ్మకీ డిజిలాకర్ తెరుద్దామని చూస్తే ఓటీపీ రాదు. ఆధార్‌లో ఉన్న నంబరు చివరి అంకెలు మా ఇంట్లో ఎవరివీ కావు. ఆరా తీస్తే, ఎప్పుడో ఆధార్ మార్పులు చేయించినప్పుడు నెట్ సెంటర్ అబ్బాయి తన నంబరు ఇచ్చేశాడట. దురుద్దేశం ఏమీ లేదు పాపం. "మామ్మగారికి ఫోన్ లేదు కదా అని ఇచ్చానండీ" అన్నాడు. అవును మరి, అప్పటికి ఆవిడకి ఫోన్ లేదు. ఎవరూ కొనివ్వలేదు. మర్నాడే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్ళి అమ్మ నంబరు పెట్టించాను.

ఇదంతా చెబితే మా మరిది అన్న మాట, "ఆడవాళ్ళ చేతికి ఇవన్నీ ఇస్తే మోసపోతారు వదినా, రోజూ పేపర్లో చూడట్లేదా?" మోసాల మాట నిజమే, భయపడాల్సిందే. అయితే ఆర్నెల్ల తర్వాత పాత ఫ్రిజ్ అమ్మకానికి పెట్టి, "డబ్బు పంపుతాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి సార్" అని ఎవడో అంటే కొట్టేసి పద్దెనిమిది వేలు పోగొట్టుకున్నది కూడా మా మరిదే. ఇంజనీరు. నేను ఎగతాళి చెయ్యలేదు, వెంటనే 1930కి ఫోన్ చేయించాను. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు అది. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. మోసగాడికి ఆడా మగా తేడా లేదు, తెలియనితనం ఉంటే చాలు.

తెలుసుకోవలసింది కూడా బ్రహ్మవిద్యేం కాదు. యూపీఐ పిన్ మన డబ్బు బయటికి పోవడానికే, లోపలికి రావడానికి పిన్ అక్కర్లేదు. ఫోన్ చేసి ఓటీపీ అడిగినవాడు ఎవడైనా దొంగే. గ్యాస్ కోడ్ కూడా బండ గుమ్మం దాటి లోపలికొచ్చాకే చెప్పాలి. నాకూ ఒకసారి "ఈ రాత్రికి మీ కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అని మెసేజ్ వచ్చింది. నవ్వుకుని తీసేశాను. బిల్లు కట్టింది నేనే కదా, నాకు తెలియదా? రెండేళ్ళ కిందట అయితే కంగారుపడి ఆ నంబరుకి ఫోన్ చేసేదాన్నే.

ఇంకో మాట ఒప్పుకోవాలి. ఇవన్నీ నేర్చుకుంటే మన పని పెరుగుతుంది. ఉన్న చాకిరీ చాలదా అంటారు మీరు. నిజమే. అందుకే నేను పనులు తీసుకున్నప్పుడు పనులు ఇచ్చాను కూడా. బండ బుక్ చెయ్యడం నాది, ఖాళీ బండ తీసి కొత్తది బిగించడం ఆయనది. టికెట్లు నావి, పెట్టెలు సర్దడం ఆయనది. ఆయన సర్దితే నా చీరల పరిస్థితి ఏమవుతుందో ఇంకోసారి చెబుతాను.

మా అత్తగారు బొడ్లో తాళాల గుత్తి దోపుకుని తిరిగేవారు. బియ్యం గది, బీరువా, పచ్చళ్ళ గది, ఎవరికేం కావాలన్నా ఆవిడ దగ్గరికి రావాల్సిందే. మావగారు కూడా. చదువు ఐదో తరగతే, కానీ ఇంట్లో ఆవిడ మాట మాటే. ఆ గుత్తి ఆవిడ నా చేతికిచ్చిన రోజు నాకింకా గుర్తుంది. ఇప్పటికీ మేకుకి వేలాడుతూనే ఉంది. కానీ ఈ రోజుల్లో డబ్బూ, కాగితాలూ, గ్యాసూ, ప్రయాణాలూ ఏవీ ఆ గదుల్లో లేవు. అవన్నీ ఫోన్లోకి వెళ్ళిపోయాయి. తాళాలు మారాయి, మనం మాత్రం పాత గుత్తి పట్టుకుని ఇల్లు మన చేతిలోనే ఉందనుకుంటున్నాం.

మీ వారు చెడ్డవారని నేననడం లేదు. మా వారూ కాదు. మంచివాళ్ళకీ ఆటోలు తగులుతాయి.

అందుకని ఈ రోజు వంటిల్లు సర్దుకున్నాక ఒక్క పావుగంట కూర్చోండి. నా ఆధార్‌కి ఏ నంబరు ఉంది? నా బ్యాంకు ఖాతాకి ఏ నంబరు ఉంది? మా ఇన్సూరెన్స్ కాగితం ఎక్కడుంది? ఈ మూడింటికీ మీకు మీరే జవాబు చెప్పుకోండి. మొదటి రెండిట్లో మీ నంబరు లేకపోతే రేపే మార్పించుకోండి. "నా మీద నమ్మకం లేదా" అని మీ వారు అడిగితే, కోపం తెచ్చుకోకుండా నా కథ చెప్పండి. ఆ తర్వాత మీ అమ్మగారి ఫోన్ కూడా ఒకసారి చూడండి.