ఆమె లిథువేనియా మనిషి కాదా?

2010 వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్‌లో ఐస్ డ్యాన్స్ పోటీకి ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు వచ్చారు. అక్క కాథీ రీడ్, అన్న క్రిస్ రీడ్ జంటగా జపాన్ తరఫున పోటీపడ్డారు. చెల్లెలు అలిసన్ రీడ్ మాత్రం జార్జియా జెండా కింద దిగింది. తల్లి జపాన్ ఆవిడ, తండ్రి అమెరికన్. అలిసన్‌కు అప్పటికి పదిహేనేళ్లు, అంటే మన పదో తరగతి వాళ్ల ఈడు.

ఆ తర్వాత కొంతకాలం ఇజ్రాయెల్ తరఫున పోటీపడింది. 2017లో లిథువేనియాకు వచ్చి, కౌనస్ నగరంలో పుట్టిన సౌలియస్ అంబ్రులేవిచ్యుస్‌తో జత కట్టింది. "ఇన్ని దేశాలా!" అని ముఖం చిట్లించే ముందు ఆ ఆట సంగతి కొంచెం తెలుసుకోవాలి. ఐస్ డ్యాన్స్ ఇద్దరు కలిసి చేసేది. భాగస్వామిని గాల్లోకి విసరడం, మూడేసి చుట్లు తిరిగే గెంతులు ఇందులో ఉండవు. స్కేటు అంచు మంచు మీద ఎంత లోతుగా సాగుతోంది, అడుగు పాటతో ఎంత కలుస్తోంది, ఇద్దరూ ఎంత దగ్గరగా ఒక్కరిలా కదులుతున్నారు అన్నదే లెక్క. అలా అడుగులు కలవడానికి ఏళ్లు పడతాయి. పైగా ఈ ఆటలో అమ్మాయిలు ఎక్కువ, అబ్బాయిలు తక్కువ. సరైన జోడీ ఏ దేశంలో దొరికితే అక్కడికి వెళ్లక తప్పదు. నాన్నకు పోస్టింగ్ ఎక్కడ పడితే అక్కడికి సామాను కట్టుకునే మనకు ఈ మాట వేరే వివరించనక్కర్లేదు.

మామూలు అంతర్జాతీయ పోటీలకు జంటలో ఒకరికి ఆ దేశ పౌరసత్వం ఉంటే చాలు. ఒలింపిక్స్‌కు మాత్రం ఇద్దరికీ ఉండాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. 2021 ప్రపంచ పోటీల్లో చూపిన ప్రతిభతో ఈ జంట లిథువేనియాకు బీజింగ్ ఒలింపిక్స్‌లో ఒక స్థానం సంపాదించి పెట్టింది. అంతకు ముందు ఏడాదే అన్న క్రిస్ ముప్పై ఏళ్ల వయసులో గుండెపోటుతో చనిపోయాడు. ఆ దుఃఖంలోనే సాధన చేసి తెచ్చిన స్థానం అది. కానీ అలిసన్‌కు ప్రత్యేక పౌరసత్వం ఇవ్వడానికి అధ్యక్షుడు గితానస్ నౌసేదా ఒప్పుకోలేదు. 2022లో బీజింగ్‌కు వేరే జంట వెళ్లింది.

అధ్యక్షుడిది మొండితనమే అని మేము అనడం లేదు. సోవియట్ పాలన నుంచి 1990లో బయటపడిన ఆ దేశ జనాభా ముప్పై లక్షలైనా లేదు. పౌరసత్వం వాళ్లకు ప్రాణంతో సమానం. రెండు దేశాల పౌరసత్వాన్ని వారి రాజ్యాంగం చాలా అరుదుగా తప్ప ఒప్పుకోదు; మన దేశంలోనూ అది లేదు కదా. 2024 మేలో దీని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే ఓటేసినవారిలో ఎక్కువమంది సరేనన్నారు, కానీ మొత్తం ఓటర్లలో సగానికి మించి కావాలన్న నిబంధన వల్ల అది వీగిపోయింది. ఇంకో చేదు అనుభవం కూడా ఉంది. అమెరికాలో పుట్టిన ఇసబెల్లా టోబియాస్‌కు 2013లో ప్రత్యేకంగా పౌరసత్వం ఇచ్చారు. 2014 సోచి ఒలింపిక్స్‌లో లిథువేనియా తరఫున ఆడిన ఆమె తర్వాత ఇజ్రాయెల్‌కు మారిపోయింది. ఒకసారి అలా జరిగాక భయం ఉండదా?

ఉంటుంది. అయితే ఒకరు వెళ్లిపోయినందుకు ఇంకొకరికి శిక్ష ఎందుకు? "అలిసన్ ఆ దేశంలో ఉండేదే తక్కువ, సాధనంతా కెనడాలోని మాంట్రియల్‌లో కదా" అని కొందరు అనవచ్చు. నిజమే. కానీ సౌలియస్ సాధన చేసేదీ అదే మాంట్రియల్‌లో, అదే మంచు మీద. ఆయన్ని ఈ ప్రశ్న ఎవరూ అడగరు, కౌనస్‌లో పుట్టాడు కాబట్టి. పుట్టుక ఒక్కటే కొలబద్ద అయితే, మూడేళ్లకో ఊరు మారే మనం ఎక్కడివాళ్లమని చెప్పుకోవాలి? కేంద్రీయ విద్యాలయ ప్రవేశాల్లో గత ఏడేళ్లలో ఎన్ని బదిలీలు అయ్యాయో లెక్కిస్తారు. ఎక్కువ తిరిగినవారికి ముందు చోటు. అలిసన్ విషయంలో అదే తిరుగుడు తప్పులా కనిపించింది.

2024 జనవరిలో యూరోపియన్ పోటీలు కౌనస్‌లోనే జరిగాయి. ఇటలీ, బ్రిటన్ జంటల తర్వాత అలిసన్, సౌలియస్ కాంస్యం గెలిచారు. ఆ పోటీల్లో లిథువేనియాకు 18 ఏళ్ల తర్వాత వచ్చిన పతకం. సొంత జనం ముందు పైకి లేచిన ఆ జెండాకు ఆమె అప్పటికింకా చట్టప్రకారం పరాయిదే.

చివరికి 2025లో నౌసేదాయే ఆమెకు పౌరసత్వం ఇచ్చారు. మాకు సంతోషమే. కానీ వాంకూవర్ తర్వాత మూడు ఒలింపిక్స్ ఆమె లేకుండానే జరిగిపోయాయి. వాటిలో బీజింగ్‌లోని చోటు ఆమె తన కాళ్లతో సంపాదించినది. అది ఇప్పుడు ఏ సంతకంతోనూ తిరిగి రాదు.