పేరు చెప్పి మెచ్చుకోండి

డిసెంబరు మూడో వారం దాటగానే మొదలవుతాయి. ఈ ఏడాది నాకు నచ్చిన పది పుస్తకాలు, పది సినిమాలు, పది పాటలు. లిస్టులంటే నాకేం చిన్నచూపు లేదు. ప్రతి ఏడాదీ ఆశగా చదువుతాను, వాటిని చూసే నాలుగు పుస్తకాలు కొంటాను. నా తగువల్లా ఒక్కటే. మన లిస్టుల్లో పాటలుంటాయి, రాసినవాళ్లుండరు. అనువాద నవలలుంటాయి, అనువాదకులుండరు. సినిమా పక్కన హీరో పేరుంటుంది, మహా అయితే దర్శకుడిది. "గుండె పిండేసింది" అని రాస్తాం. పిండిన చెయ్యి ఎవరిదో రాయం.

ఇదేదో మర్యాదకి సంబంధించిన చిన్న విషయం అనుకోకండి. ఈ పనులు చేసేవాళ్ల బతుకుతెరువు పేరు మీదే నడుస్తుంది. పేరు తెలిస్తేనే ఇంకో పాటకి పిలుస్తారు, ఇంకో పుస్తకం చేతిలో పెడతారు. పేరు జారిపోయాక మిగిలేది మన లైకు. దాంతో ఎవరిల్లూ గడవదు.

ఉదాహరణకి నా 2023 లిస్టులోంచి కొన్ని ఇస్తున్నాను. ఇంత ఆలస్యంగా ఎందుకంటే, ఏ పేరు నిలిచిందో ఏది జారిపోయిందో తెలియడానికి ఆ మాత్రం దూరం కావాలి.

సినిమాల్లో ముందు 'బలగం'. వేణు యెల్దండి తీశాడు. కొమురయ్య అనే ముసలాయన పోతాడు, పిట్టకు పెడితే కాకి ముట్టదు, ఇంట్లో ఒకరి మీద ఒకరికున్న పాత కోపాలన్నీ బయటపడతాయి. ఊళ్లలో తెరలు కట్టుకుని మరీ చూశారు ఈ సినిమాని. చివర, పదకొండో రోజున, ఇద్దరు కళాకారులొచ్చి పోయినాయన కథని పాటగా పాడతారు. వాళ్లు వేషం కట్టిన నటులు కారు. ఊరూరా తిరిగి పాడుకునే భార్యాభర్తలు, పస్తం మొగిలయ్య, కొమురమ్మ. థియేటర్లో మనల్ని ఏడిపించింది ఆ రెండు గొంతులు. మన లిస్టుల్లో మాత్రం అది 'క్లైమాక్స్ సాంగ్'.

మొగిలయ్య 2024 డిసెంబరులో పోయారు. వార్తల్లో ఆయన 'బలగం మొగిలయ్య'. సినిమా ఆయనకి ఇంటిపేరైంది, అసలు ఇంటిపేరు పోయింది. పక్కన సమానంగా పాడిన కొమురమ్మ పేరు ఎంతమందికి గుర్తుంది? ఇంకో మొగులయ్య కూడా ఉన్నారు. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య, 'భీమ్లా నాయక్' టైటిల్ పాట మొదట్లో వినిపించే గొంతు, 2022లో పద్మశ్రీ అందుకున్నాయన. ఈ ఇద్దరినీ ఒకరనుకునేవాళ్లు నాకు బోలెడుమంది తగిలారు. ఇద్దరు హీరోలని ఇలా కలిపేస్తే ఊరుకుంటామా?

పాటల్లో నాకు ఆ ఏడాది 'ఊరు పల్లెటూరు'. భీమ్స్ సిసిరోలియో కట్టిన బాణీ, రామ్ మిరియాల, మంగ్లీ పాడారు, రాసింది కాసర్ల శ్యామ్. 2025 ఆగస్టులో ఆయనకి జాతీయ అవార్డు ప్రకటించారు. అప్పుడు కానీ "ఓహో, ఆయనా రాసింది" అనలేదు మనం. ఇక 'నాటు నాటు' సంగతి చెప్పనక్కర్లేదు. ఆస్కార్ ప్రతిమలు కీరవాణికీ చంద్రబోస్‌కీ ఇచ్చారు, ఎందుకంటే ఆ అవార్డు పాట కట్టినవాళ్లదీ రాసినవాళ్లదీ. లాస్ ఏంజిలిస్‌లో వాళ్లకున్న ఆ స్పష్టత ఇక్కడ మన పోస్టుల్లో లేదు. మనకది ఇద్దరు హీరోల డాన్స్. ఆ స్టెప్పులు కూర్చిన ప్రేమ్ రక్షిత్ పేరైనా సరిగ్గా రాశామా అంటే అదీ లేదు.

పుస్తకాల్లో 'టైమ్ షెల్టర్'. జ్ఞాపకం చెదిరిపోతున్నవాళ్ల కోసం ఒక్కో అంతస్తునీ ఒక్కో దశాబ్దంగా అమర్చిన క్లినిక్ కథ. బల్గేరియన్‌లో గియోర్గి గోస్పొదినోవ్ రాశాడు, ఇంగ్లీషులోకి ఏంజెలా రోడెల్ తెచ్చింది. 2023 ఇంటర్నేషనల్ బుకర్ ఇద్దరిదీ. ఆ బహుమతి 50,000 పౌండ్లని రచయితకీ అనువాదకులకీ సగం సగం పంచుతారు. మనలో బల్గేరియన్ వచ్చినవాళ్లెందరు? "వాక్యం అద్భుతం" అని కోట్ చేశామంటే ఆ వాక్యం రోడెల్‌ది. తెలుగులో మనం ఏం తక్కువ తినలేదు. 'ఏడు తరాలు' చదవని ఇల్లు లేదంటాం, అలెక్స్ హేలీ అంటాం. అంత బరువుని తెలుగులో మోసిన సహవాసి పేరు అట్ట మీద ఆగిపోతుంది.

ఇంకో పుస్తకం మధురాంతకం నరేంద్ర 'మనోధర్మపరాగం'. దేవదాసీ కుటుంబాల సంగీతం, బతుకుల చుట్టూ అల్లిన నవల, 2022 సాహిత్య అకాడెమీ అవార్డు పొందింది. ఇది చదివాకే ఈ పేర్ల సంగతి నన్ను గట్టిగా పట్టుకుంది. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' రాసింది. అంతకుముందు అచ్చయిన ప్రతిలో ఆమె తన వంశం గురించి చెప్పుకున్న భాగమే ఎగిరిపోయింది. బెంగళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతి వెతికి పట్టుకుని 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చువేయించింది. దాని మీద అశ్లీలం అని ప్రభుత్వం నిషేధం పెట్టింది, టంగుటూరి ప్రకాశం హయాంలో కానీ అది తొలగలేదు. ఒక కవయిత్రి తన నోటితో చెప్పుకున్న ఊరూపేరూ తీసేసి కావ్యాన్ని మాత్రం ఉంచుకోవచ్చు అనుకున్నవాళ్లు ఒకప్పుడున్నారు. వాళ్లు కావాలని చేశారు. మనం బద్ధకంతో చేస్తున్నాం. పేరుకి జరిగే నష్టం రెండు చోట్లా ఒకటే.

మలయాళం నుంచి 'కాదల్ ది కోర్'. "మమ్ముట్టి ధైర్యం" అని అందరూ రాశారు. నిజమే, నటించడమే కాక నిర్మించాడు కూడా. జియో బేబీ దర్శకుడు. కానీ ఆ ధైర్యం ముందు కాగితం మీద చేసింది ఆదర్శ్ సుకుమారన్, పాల్సన్ స్కరియా. వాళ్ల పేర్లు నాకు తెలుగు లిస్టుల్లో ఎక్కడా కనబడలేదు.

"ఇది నా ఇష్టాల లిస్టు, టైటిల్ కార్డు కాదు కదా" అంటారు. అవును, అందరి పేర్లూ అక్కర్లేదు. మీకు నచ్చింది మాట అయితే మాట రాసినవాళ్లది, గొంతు అయితే గొంతు ఎవరిదో వాళ్లది. నచ్చిందేమిటో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. "యాప్‌లో కనబడదు" అనేది ఇంకో సాకు. మూడు చుక్కలు నొక్కితే చాలాసార్లు కనబడుతుంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, పాడినవాళ్లకి ఆ గొంతు తమదని చెప్పించుకునే హక్కు ఇచ్చారు. పాట రాసినవాళ్లకి రాయల్టీలో వాటా అదే సవరణతో వచ్చింది. చట్టం గుర్తించిన పేరుని అభిమానులం మనం గుర్తించకపోతే ఎలా?

ఇదేం కొత్త భారం కూడా కాదు. ఆకాశవాణి అనౌన్సర్లు ప్రతి పాటకీ చిత్రం, రచన, సంగీతం, గానం అని నాలుగు మాటలు చెప్పేవాళ్లు. ఆ నాలుగు మాటలకి పట్టే టైమెంత? వాటి వల్లే కదా మన అమ్మానాన్నలకి ఇప్పటికీ ఏ పాట ఆత్రేయదో ఏది ఆరుద్రదో తడుముకోకుండా వస్తుంది.

ఈసారి పది రాయకండి. అయిదే రాయండి, పక్కన పేర్లు రాయండి. పేరు వెతకడానికి రెండు నిమిషాలు ఖర్చుపెట్టబుద్ధి కాకపోతే, అది మీకంత నచ్చలేదన్నమాట. లిస్టులోంచి తీసేయండి.