సీతాకోకచిలుక బారలు

మా మనుమడు బటర్‌ఫ్లై ఈత మొదలుపెట్టి నెల తిరగలేదు, "భుజాలు పీకుతున్నాయి తాతయ్యా" అన్నాడు. కొలను గట్టున కూర్చుని చూశాను. "చేతులు ఎత్తు, ఇంకా పైకెత్తు!" అని శిక్షకుని కేక. వీడు రెండు చేతులూ ఆకాశానికెత్తుతున్నాడు, నడుము నీట దిగబడుతున్నది.

సొరకాయ బుర్ర కట్టుకొని ఊరబావిలో ఈత నేర్చినవాడిని నేను. అయినా ఈ బోధన నాకు సమ్మతం కాదు. బ్రెస్ట్‌స్ట్రోక్ నుండి పుట్టి 1952లో వేరుపడి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ప్రత్యేక పోటీగా నిలిచిన ఈత ఇది. చేతులు రెండూ ఒక్కసారే నీటిపైనుండి ముందుకు రావాలన్నదే నియమం; ఎంత ఎత్తున అన్నది అందులో లేదు.

బార బలమంతా నీటి అడుగునే ఉన్నది. భుజాల వెడల్పున చేతులు దించి, మోచేతులను పైననే నిలిపి, అరచేతులతో, ముంజేతులతో నీటిని తొడల దాకా వెనుకకు నెట్టాలి. క్రిందికి అదిమితే ఒళ్ళు లేస్తుందే గాని ముందుకు సాగదు. ఆ నెట్టు ముగిసేవేళకు రెండవ కాలితాపు పడితే చేతులు సులువుగా వెలికి వస్తాయి. ఆపైన వాటిని సడలించి, నీటిని ఒరసినట్లుగా పక్కలనుండి ముందుకు విసరాలి. (అక్షరాలు కుదరని పిల్లలచేత సంధిసూత్రాలు వల్లె వేయించిన పంతులును నేనూ ఒకప్పుడు!)

వైద్యులు రెండు వారాలు నీట దిగవద్దన్నారు. ఆ తరువాత ఒక చేయి ముందుకు చాచి ఉంచి, రెండవదానితోనే బార వేయించమని శిక్షకుని అడగదలచాను. పంతులుకు పంతులు పాఠం చెప్పడమేమిటని ఇంట్లో మందలిస్తున్నారు.